శిక్షణకు పెట్టిన రూపాయి తిరిగొచ్చిందా? ఫర్నేసు మీటరు చెప్పేది, చెప్పనిది

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో నగరం దాటగానే సిల్‌తరా పారిశ్రామిక ప్రాంతం వస్తుంది. నగరాన్ని ఆనుకుని ఉర్లా ఉంది. స్పాంజ్ ఐరన్ కిల్న్‌లు, ఇండక్షన్ ఫర్నేసులు, రోలింగ్ మిల్లులు పక్కపక్కనే ఉండే చోట్లివి. మన ఇళ్ల శ్లాబుల్లో వేసే చువ్వ ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ కొద్ది కిలోమీటర్లలోనే చూడొచ్చు. ఇలాంటి ఒక ఫర్నేసు యజమానిని ఊహించుకుందాం. కార్మికులకు రెండు రోజుల శిక్షణ ఇప్పిద్దామని మేనేజరు అడిగాడు. శిక్షకుడి ఫీజు, ఆ రెండు రోజులూ తగ్గే ఉత్పత్తి, అన్నీ కలిపి 3 లక్షల రూపాయలు అవుతుంది. యజమాని అడిగేది ఒక్కటే: "దీనివల్ల నాకు వచ్చేదెంత?"

ప్రశ్న న్యాయమైనదే. మేనేజర్ల దగ్గర సాధారణంగా ఉండే జవాబు మాత్రం బలహీనం: హాజరు పట్టీ, కొన్ని ఫొటోలు, "శిక్షణ బాగుంది" అని కార్మికులు పెట్టిన టిక్కులు. ఉక్కు ధర పడిపోయిన ఏడాది ముందుగా కోత పడేది ఈ ఖర్చుకే. దాని విలువ ఎంతో కాగితం మీద ఎక్కడా ఉండదు కాబట్టి ఆ కోతను ఆపే వాదన కూడా ఉండదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ ప్రశ్నకు మరో కోణం కూడా ఉంది. నైపుణ్య శిక్షణను యువత హక్కుగా చట్టం చేసిన తొలి రాష్ట్రం ఇదే. 2013లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 14 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్నవారు దరఖాస్తు చేసుకుంటే 90 రోజుల్లోగా శిక్షణ అవకాశం కల్పించాలి. హక్కు అన్నాక ప్రజాధనం ఖర్చవుతుంది. ఆ డబ్బు ఏం సాధించిందో అడిగే అధికారం అందరికీ ఉంటుంది.

దీన్ని ఆఖరికి అకౌంట్స్ విభాగం తేల్చాల్సిన విషయంగా చూస్తుంటారు. నిజానికి ఇది కొలతల శాస్త్రానికి చెందిన చిక్కు. ప్రయోగశాలలో కొలత ఎదుర్కొనే ప్రతి ఇబ్బందీ ఇక్కడా ఎదురవుతుంది.

మీటరు తగ్గింది, కారణం ఏది?

ఇండక్షన్ ఫర్నేసులో తుక్కు, స్పాంజ్ ఐరన్ కరిగించడానికి అయ్యే ఖర్చుల్లో కరెంటుది పెద్ద వాటా. ఒక విడత కరిగింపును అక్కడ 'హీట్' అంటారు. హీట్‌కు ఎన్ని యూనిట్లు కాలాయో మీటరు చెబుతుంది. మంచి శిక్షణ పొందిన సిబ్బంది మూత అనవసరంగా తెరిచి ఉంచరు. చార్జ్‌ను సందుల్లేకుండా పేరుస్తారు. కావాల్సినదానికన్నా ఎక్కువ వేడి ఎక్కించరు. లోహం సిద్ధమయ్యేసరికి లాడిల్‌ను ముందే వేడిచేసి ఉంచుతారు, కరిగిన ఇనుము ఎదురుచూస్తూ కరెంటు తాగకుండా. ఒక్కోటీ చిన్న పనే, కానీ అన్నీ కలిస్తే మీటరులో కనిపించాలి.

లెక్కకోసం కొన్ని అంకెలు అనుకుందాం. శిక్షణకు ముందు టన్నుకు సగటున 620 యూనిట్లు, తర్వాతి నెల 610. రోజుకు వంద టన్నులు కరిగిస్తే రోజుకు వెయ్యి యూనిట్లు మిగిలినట్టు. యూనిట్ 7 రూపాయలైతే రోజుకు 7 వేలు, నెలకు 2 లక్షల 10 వేలు. నెలన్నరలోపే శిక్షణ ఖర్చు తిరిగొచ్చేసింది. మేనేజరు సంతోషంగా ఈ లెక్క పట్టుకెళ్తాడు.

యజమాని కాస్త తెలివైనవాడైతే నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఆ నెల చార్జ్‌లో తుక్కు పాలు పెరిగిందా? (స్పాంజ్ ఐరన్ ఎక్కువైతే కరెంటు ఎక్కువ కాలుతుంది, తుక్కు ఎక్కువైతే తగ్గుతుంది.) ఫర్నేసు లైనింగ్ మార్చారా? కరెంటు కోతలు తగ్గాయా? వానలు ఆగి సరుకు పొడిగా వచ్చిందా? వీటిలో ఏ ఒక్కటైనా ఆ 10 యూనిట్లను మింగేయగలదు, లేదా పుట్టించగలదు.

అంటే మనం పోల్చాల్సింది శిక్షణకు ముందు నెలతో కాదు. శిక్షణ ఇవ్వకపోయి ఉంటే ఇదే నెల ఎలా గడిచేదో దానితో పోల్చాలి. ఆ నెల ఎక్కడా జరగలేదు, దాని మీటరు రీడింగ్ ఎవరి దగ్గరా ఉండదు. శిక్షణ విలువ నిరూపించడంలోని కష్టమంతా ఇదే. జరగని నెలకు నమ్మదగిన ప్రత్యామ్నాయం ఎక్కడి నుంచి తేవాలి?

నచ్చడం వేరు, నేర్చుకోవడం వేరు

అక్కడికి వెళ్లేముందు ఆ ఫీడ్‌బ్యాక్ పత్రాల సంగతి. శిక్షణను మదింపు చేయడానికి ప్రపంచమంతా వాడే చట్రాన్ని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించాడు. అందులో నాలుగు మెట్లు: పాల్గొన్నవారికి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిచేసే తీరు మారిందా, సంస్థకు ఫలితం వచ్చిందా. ఖర్చుకు ఎంత లాభం అన్న ఐదో మెట్టును తర్వాత జాక్ ఫిలిప్స్ చేర్చాడు. చట్రం బాగానే ఉంది. ఆచరణలో చాలా సంస్థలు మొదటి మెట్టు మీదే కూర్చుండిపోతాయి. అది చౌక, సాయంత్రానికి పని అయిపోతుంది.

మొదటి మెట్టు రెండోదానికి ఎంత దూరమో చూపించే ప్రయోగం ఒకటి ఫిజిక్స్ తరగతిలోనే జరిగింది. హార్వర్డ్‌లో లూయీ డెలోరియర్స్ బృందం విద్యార్థులను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు అనుభవజ్ఞుడైన అధ్యాపకుడి చక్కటి ఉపన్యాసం, రెండో గుంపుకు అదే పాఠం లెక్కలతో కుస్తీ పడుతూ నేర్చుకునే పద్ధతిలో. తర్వాత అందరికీ ఒకే పరీక్ష పెట్టారు. కుస్తీ పట్టినవాళ్లకు మార్కులు ఎక్కువ వచ్చాయి. "బాగా నేర్చుకున్నాను" అన్న భావన మాత్రం ఉపన్యాసం విన్నవాళ్లలోనే ఎక్కువ. ఈ ఫలితం 2019లో వెలువడింది. హాయిగా సాగిన శిక్షణకు ఎక్కువ టిక్కులు, చెమట పట్టించిన శిక్షణకు తక్కువ టిక్కులు పడటం సహజమన్నమాట. టిక్కుల్ని బట్టి శిక్షకుణ్ని ఎంచుకునే సంస్థ పొరపాటు శిక్షకుణ్ని ఎంచుకునే అవకాశం గట్టిగానే ఉంది.

పాచిక నేర్పే గుణపాఠం

ముందు-తర్వాత పోలికలో మరో ఉచ్చు ఉంది. ఇది ఎంత మామూలుగా కనిపిస్తుందంటే, పట్టుబడటం కష్టం. శిక్షణకు సాధారణంగా ఎవరిని పంపుతారు? పోయిన నెల అందరికన్నా వెనకబడిన బ్యాచ్‌ను.

ఇంట్లో చేసి చూడండి. ముప్పై మంది చేత పాచిక వేయించండి. 1 పడినవాళ్లను పక్కకు పిలిచి, పాచిక ఎలా పట్టుకోవాలో, ఎలా విసరాలో గంభీరంగా పాఠం చెప్పండి. మళ్లీ వేయించండి. వాళ్ల సగటు ఈసారి 3.5 దగ్గరకు వస్తుంది. 1 నుంచి 3.5కు, అంటే 250 శాతం మెరుగుదల! మీ పాఠానికి ఇందులో ఏ పాత్రా లేదు. అదృష్టం బాగోలేని రోజు చూసి ఎంచుకున్నవాళ్లు, మామూలు రోజుకు తిరిగి వచ్చారంతే. గణాంకశాస్త్రంలో దీన్ని 'సగటు వైపు తిరోగమనం' అంటారు. ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులు ఇదే ఉచ్చులో పడిన సంగతిని మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ చెప్పేవాడు. బాగా నడిపిన పైలట్‌ను పొగిడితే మర్నాడు తగ్గుతున్నాడు, చెడుగా నడిపినవాణ్ని తిడితే మర్నాడు మెరుగవుతున్నాడు, కాబట్టి తిట్టే పనిచేస్తుందని వాళ్ల నమ్మకం. పొగిడినా తిట్టినా పొగడకపోయినా జరిగేది అదే.

ఎవరో గమనిస్తున్నారని తెలిస్తేనే పని మెరుగవుతుందన్న 'హాథార్న్ ప్రభావం' గురించి మేనేజ్‌మెంట్ పుస్తకాలన్నీ చెబుతాయి. షికాగో దగ్గరి వెస్టర్న్ ఎలక్ట్రిక్ కర్మాగారంలో 1924లో మొదలైన దీపాల వెలుతురు ప్రయోగాల నుంచి పుట్టిన మాట అది. పోయిందనుకున్న ఆ అసలు డేటాను స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ వెలికితీసి 2011లో తిరిగి విశ్లేషిస్తే, పుస్తకాల్లో చెప్పినంత పెద్ద ప్రభావమేమీ అందులో కనబడలేదు. కొలతల చరిత్రలో కథలకు డేటా కన్నా ఆయుష్షు ఎక్కువ.

బెంగళూరు లాటరీ

జరగని నెలకు ప్రత్యామ్నాయం తేవడానికి తెలిసిన మార్గాల్లో గట్టిది లాటరీ. మందుల పరీక్షల్లో చేసేదే. ఒకే రకం మనుషుల్లోంచి చీటీలు తీసి సగం మందికి శిక్షణ ఇచ్చి, మిగతా సగాన్ని మామూలుగా వదిలేస్తే, సరుకు తేడా, కరెంటు కోత, వాన అన్నీ రెండు గుంపుల మీదా సమానంగా పడతాయి. మిగిలే తేడా శిక్షణది.

మన దేశంలో ఈ పద్ధతిలో జరిగిన చక్కటి ఉదాహరణ బెంగళూరు వస్త్ర కర్మాగారాలది. అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ నిషాధం అనే ఆర్థికవేత్తలు షాహీ ఎక్స్‌పోర్ట్స్ సంస్థకు చెందిన ఐదు కర్మాగారాల్లో ఈ అధ్యయనం చేశారు. శిక్షణ పేరు 'పేస్'. కుట్టుమిషన్ మీద పనిచేసే మహిళలకు మాట్లాడే నేర్పు, సమయం సర్దుకోవడం, సమస్య వస్తే ఎవరిని ఎలా అడగాలి, డబ్బు వ్యవహారాలు వంటివి సుమారు 80 గంటల పాటు నేర్పారు. 2013లో మొదలైంది. చేరతామన్నవాళ్లు సీట్లకన్నా ఎక్కువమంది ఉండటంతో లాటరీ తీశారు. అది కూడా రెండు అంచెల్లో: ముందు కొన్ని కుట్టు లైన్లను, తర్వాత ఆ లైన్లలో కొందరు మహిళలను. దీనివల్ల శిక్షణ పొందినవాళ్లతోపాటు, వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లలో మార్పు కూడా కొలవగలిగారు.

కుట్టు పరిశ్రమ ఎంచుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది. అక్కడ ప్రతి పనికీ ఇన్ని నిమిషాలని ప్రమాణం ఉంటుంది, ఎవరు ఎన్ని ముక్కలు కుట్టారో రోజూ నమోదవుతుంది. అంటే కొలిచే పరికరం శిక్షణకు ముందే అక్కడ పనిచేస్తోంది.

ఫలితాలు: శిక్షణ పొందిన మహిళల ఉత్పాదకత మిగతావారికన్నా 13.5 శాతం ఎక్కువ. కార్యక్రమం ముగిసిన ఎనిమిది నెలల నాటికి సంస్థకు నికర రాబడి దాదాపు 250 శాతం, అంటే 100 రూపాయలు పెడితే ఆ 100 పోను మరో 250 మిగిలాయి. (పాచికల 250తో అంకె కలవడం కేవలం యాదృచ్ఛికం. ఇక్కడ పక్కన లాటరీలో ఓడిన గుంపు ఉంది, పాచికల దగ్గర లేదు. తేడా అంతా అదే.) లైన్‌లో పక్కనే ఉన్న, శిక్షణ లేని మహిళల పని కూడా కొంత మెరుగుపడింది. కుట్టు నేర్పని శిక్షణ కుట్టును పెంచిందన్న విషయం చాలామందిని ఆశ్చర్యపరిచింది.

రెండు సంగతులు కలిపి చదవాలి. 2018 నాటి తొలి ముసాయిదా పత్రంలో ఉత్పాదకత పెరుగుదల 20 శాతంగా ఉంది. తోటి శాస్త్రవేత్తల సమీక్ష దాటి 2023లో అచ్చయ్యేసరికి అది 13.5కు దిగింది. శాస్త్రం పనిచేసే తీరు ఇదే, దిగిన అంకెనే నేను ఎక్కువ నమ్ముతాను. రెండోది, ఈ పరిశోధకుల్లో కొందరు షాహీకి చెందిన అనంత్ ఆహూజాతో కలిసి తర్వాత 'గుడ్ బిజినెస్ ల్యాబ్' అనే సంస్థను నెలకొల్పారు. లాటరీ, ప్రచురిత పద్ధతి ఉన్నాయి కాబట్టి ఫలితం కొట్టివేయదగ్గది కాదు. పాఠకుడికి ఆ బంధం తెలిసి ఉండటం మాత్రం మంచిది.

సిల్‌తరాలో వేల మంది లేరు కదా

బెంగళూరు లాటరీలో రెండు వేలకు పైగా మంది ఉన్నారు. సిల్‌తరాలోని ఒక మోస్తరు ఫర్నేసులో మూడు బ్యాచ్‌లుంటే ఎక్కువ. అంత చిన్నచోట ఏదైనా నిరూపించగలమా?

ముందు ఎన్ని హీట్లు కావాలో చూద్దాం. ఏ మార్పూ లేకపోయినా హీట్‌కూ హీట్‌కూ యూనిట్లు ఊగుతుంటాయి. ఆ ఊగిసలాట అటూఇటూ 25 యూనిట్లు అనుకుందాం. మనం పట్టుకోవాల్సిన శిక్షణ ప్రభావం 10 యూనిట్లు. గణాంకవేత్తలు వాడే ఒక బండ సూత్రం ఉంది: ఊగిసలాటను ప్రభావంతో భాగించి, వర్గం చేసి, 16తో గుణిస్తే ఒక్కో గుంపుకు కావాల్సిన కొలతల సంఖ్య వస్తుంది. 25ను 10తో భాగిస్తే 2.5, వర్గం 6.25, 16తో గుణిస్తే 100. రోజుకు పది హీట్లయితే పది రోజుల పని. ప్రభావం 5 యూనిట్లే అయితే? 400 హీట్లు కావాలి. ప్రభావం సగమైతే శ్రమ నాలుగు రెట్లవుతుంది. చిన్న మెరుగుదలలను నిరూపించడం ఇంత కష్టం కావడానికి మూలం ఆ వర్గంలోనే ఉంది.

ఇక్కడితో ఆగితే లెక్క తప్పుతుంది. ఒకే బ్యాచ్ చేసిన వంద హీట్లు వంద విడివిడి సాక్ష్యాలు కావు. సున్నా సరిగ్గా లేని వోల్ట్‌మీటరుతో వందసార్లు కొలిస్తే ఆ దోషం పోదు కదా, అలాగే. ఆ బ్యాచ్ ఫోర్‌మన్ ఆ నెల సెలవులో ఉంటే వంద హీట్ల మీదా ఆ నీడ ఉంటుంది. అసలు లెక్కలోకి వచ్చేది ఎన్ని బ్యాచ్‌లు అన్నదే.

దీనికి ఒక ఉపాయం ఉంది. ఎలాగూ అందరినీ ఒకేసారి శిక్షణకు పంపితే ఫర్నేసు ఆగిపోతుంది కాబట్టి విడతలుగా పంపుతారు. ఆ వరుసను మేనేజరు ఇష్టానికి వదలకుండా చీటీలు వేసి తీయాలి. మొదటి నెల ఒక బ్యాచ్, రెండో నెల మరొకటి, మూడో నెల ఇంకొకటి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ల యూనిట్లే దిగి, వంతు రానివాళ్లవి దిగకపోతే సాక్ష్యం బలపడుతుంది. మూడు బ్యాచ్‌లను ఆరు రకాల వరుసల్లో పెట్టొచ్చు. అంటే మెట్లు సరిగ్గా చీటీల వరుసలోనే దిగడం అదృష్టవశాత్తూ జరగడానికి అవకాశం ఆరింట ఒకటి. అది నిరూపణ కిందకు రాదు, సూచన కిందకు వస్తుంది. రెండు కర్మాగారాలు చేతులు కలిపి ఆరు బ్యాచ్‌లతో చేస్తే వరుసలు 720. ఇప్పుడు అదృష్టం మీద నింద వేయడం కష్టం. ఇందుకు అదనంగా అయ్యే ఖర్చు ఆరు కాగితం ముక్కలు. దేన్ని కొలుస్తామో శిక్షణకు ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే యూనిట్లు దిగకపోతే లైనింగ్ ఆయుష్షు, అదీ పెరగకపోతే హాజరు అంటూ ఏదో ఒకటి బాగున్న అంకె దొరికేదాకా వెతుకుతారు. ఇరవై అంకెలు వెతికితే ఒకటి ఊరికే బాగుండి తీరుతుంది.

తక్కువ కర్మాగారాలతోనూ, ఎక్కువ రోజుల కొలతలతో నిరూపణ సాధ్యమని ముంబయి దగ్గర చూపించారు. నికొలస్ బ్లూమ్ బృందం తారాపూర్, ఉంబర్‌గావ్ ప్రాంతాల్లో 17 నేత సంస్థలతోనే ప్రయోగం చేసింది. కొన్ని మిల్లులకు నిపుణులు ఐదు నెలలపాటు సరుకు లెక్క, లోపాల నమోదు, మిషన్ల నిర్వహణ నేర్పారు. మిగతా మిల్లులకు ఒక నెల పరిశీలన మాత్రమే. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. 2013లో వచ్చిన ఈ ఫలితం బాగా ప్రసిద్ధం. తర్వాతి భాగం అంత ప్రసిద్ధం కాదు: ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే, నేర్పిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. మేనేజర్లు మారిన చోట ఎక్కువ పోయాయి. అయినా నేర్వని మిల్లులకన్నా ముందే ఉన్నాయి. శిక్షణ రాబడిని లెక్కవేసేటప్పుడు మొదటి నెల లాభాన్ని పన్నెండుతో గుణించడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. మిషన్‌కు తరుగుదల రాసినట్టే నేర్పుకూ రాయాలి. గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి ఊపిరి పోసే సీపీఆర్ నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే సడలుతుందని వైద్య పరిశోధనలు పదేపదే చూపించాయి.

జరగని ప్రమాదాన్ని కొలవడం

ఇంతవరకూ యూనిట్లు, ముక్కలు వంటి రోజూ దొరికే కొలతల గురించి మాట్లాడుకున్నాం. ఉక్కు పరిశ్రమలో అసలైన పరీక్ష భద్రత శిక్షణ దగ్గర వస్తుంది.

రాయ్‌పూర్‌కు పొరుగునే ఉన్న భిలాయ్‌లో, తరాలుగా తెలుగు కుటుంబాలూ పనిచేస్తున్న ఉక్కు కర్మాగారంలో, 2014 జూన్‌లో విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర నిర్వహణ పని జరుగుతుండగా మంటలు చెలరేగి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో 2012 జూన్‌లో ఆక్సిజన్ విభాగంలో జరిగిన పేలుడును తెలుగువారు మరచిపోలేదు. ఇలాంటివాటిని ఆపేందుకు ఇచ్చే శిక్షణ ఫలించిందని ఎలా చూపాలి? ఫలించినప్పుడు కనబడేది ఏమీ జరగకపోవడమే.

అరుదైన సంఘటనలకు ఒక గణితం ఉంది, దానికి ఫ్రెంచ్ గణితవేత్త పాయిసన్ పేరు పెట్టారు. ప్రష్యా సైన్యంలో గుర్రాల తన్నులకు చనిపోయిన సైనికుల లెక్కలకు ఈ గణితం సరిగ్గా అమరుతుందని 1898లో బోర్ట్‌కీవిచ్ చూపించాడు. మన లెక్కకు వాడదాం. ఒక కర్మాగారంలో ఏడాదికి సగటున నాలుగు గాయాల ప్రమాదాలు జరుగుతాయనుకుందాం. భద్రత శిక్షణ ఇచ్చిన ఏడాది రెండే జరిగాయి. సగానికి సగం తగ్గుదల, నోటీసు బోర్డు మీదకు ఎక్కుతుంది. పాయిసన్ సూత్రం ప్రకారం, ఏ శిక్షణా లేకపోయినా రెండు లేదా అంతకన్నా తక్కువ ప్రమాదాలతో గడిచే సంవత్సరాలు 24 శాతం. అంటే నాలుగేళ్లకోసారి ఊరికే అలా జరుగుతుంది. పెద్ద ప్రమాదం పదేళ్లకు ఒకటి అనుకుంటే, ఏమీ మారకుండానే ఐదేళ్లు ప్రశాంతంగా గడిచే అవకాశం 61 శాతం. "ఐదేళ్లుగా పెద్ద ప్రమాదం లేదు" అన్న బోర్డు నుంచి శిక్షణ గురించి తెలిసేది దాదాపు ఏమీ లేదు.

భద్రత చర్యల ప్రభావం కొలవాలంటే వందల సంస్థలు కలవాలి. కాలిఫోర్నియాలో భద్రతా తనిఖీలు లాటరీ పద్ధతిలో జరిగేవి. తనిఖీ అయిన సంస్థలను, కాని సంస్థలతో జతలుగా పోల్చి, గాయాలు 9.4 శాతం తగ్గాయని 2012లో సైన్స్ పత్రికలో చూపించారు. అందుకు 400కు పైగా జతలు కావాల్సి వచ్చాయి. ఒక్క కర్మాగారం తనంతట తాను 9 శాతం తగ్గుదలను ఎప్పటికీ చూడలేదు.

ఒంటరి కర్మాగారం చేయగలిగింది కిర్క్‌పాట్రిక్ మూడో మెట్టు దగ్గర ఉంది: ప్రవర్తన. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. పడిపోయిన తోటివాణ్ని చూసి పరుగెత్తే రెండో మనిషి, మూడో మనిషి కూడా పడిపోతారు. ముందుగా చెప్పకుండా నమూనా విన్యాసం పెట్టి, శ్వాస పరికరం తొడుక్కున్నాకే లోపలికి అడుగు పెట్టినవాళ్లు ఎంతమందో లెక్కించవచ్చు. శిక్షణ అయిన వారానికి ఎంత, ఆరు నెలలకు ఎంత? ఇది తరచుగా, చౌకగా దొరికే కొలత, పైగా ప్రాణం నిలిపే పనికి సూటిగా సంబంధించినది. మరొకటి, తృటిలో తప్పిన ప్రమాదాల నమోదు. శిక్షణ బాగా పనిచేస్తే ఈ నమోదులు మొదట్లో పెరుగుతాయి, ఎందుకంటే ఇంతకుముందు చెప్పడానికి భయపడ్డవాళ్లు ఇప్పుడు చెబుతారు. ఆ పెరుగుదల చూసి మేనేజరును మందలించే యాజమాన్యం తన మీటరును తానే పగలగొట్టుకుంటున్నట్టు.

లాభం ఎవరి ఖాతాలో?

బెంగళూరు అధ్యయనంలో చెప్పకుండా ఉంచిన అంకె ఒకటుంది. ఉత్పాదకత 13.5 శాతం పెరిగిన ఆ మహిళల జీతాలు పెరిగింది 0.5 శాతం. సంస్థ రాబడి అంత ఎక్కువగా కనబడటానికి ఈ ఖాళీయే ముఖ్య కారణమని పరిశోధకులే రాశారు. గ్యారీ బెకర్ 1964లో రాసిన 'హ్యూమన్ క్యాపిటల్' ప్రకారం, ఎక్కడైనా పనికొచ్చే నేర్పును సంస్థ తన డబ్బుతో నేర్పదు. నేర్చుకున్నవాడు ఎక్కువ జీతం ఇచ్చే చోటికి పోతాడు కాబట్టి. బెంగళూరులో ఆ మహిళలు పెద్దగా పోలేదు, జీతమూ పెద్దగా పెరగలేదు, అందుకే సంస్థకు గిట్టింది. వ్యాపార విలువ నిరూపణ అయింది. కార్మికురాలి పుస్తకంలో అదే శిక్షణ విలువ వేరే అంకె.

ఉర్లా, సిల్‌తరాల్లో లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. అక్కడ చాలా పని ఠేకేదార్ల ద్వారా వచ్చే కాంట్రాక్టు కార్మికులది. ఇవాళ ఈ ఫర్నేసు దగ్గర శిక్షణ పొందినవాడు ఠేకా మారగానే నాలుగు కిలోమీటర్ల అవతలి మిల్లులో తేలతాడు. లాడిల్ దగ్గర ఎక్కడ నిలబడాలో అతనికి అక్కడా గుర్తుంటుంది. ఖర్చు పెట్టినవాడి లెడ్జరులో మాత్రం అది నష్టం కింద పడుతుంది. అతనికి నేర్పడానికి ఎవరూ ముందుకు రాకపోవడం యజమానుల కోణంలో తర్కబద్ధమే. ఈ ఖాళీ పూడ్చే బాధ్యతే 2013 చట్టంతో రాష్ట్రం తలకెత్తుకుంది.

ప్రభుత్వ శిక్షణ కేంద్రాల లెక్కల్లో సాధారణంగా ముందు కనిపించేవి ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అన్నవి. శిక్షణ లేకపోయినా వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చేది అన్నది మళ్లీ అదే జరగని నెల ప్రశ్న. ఢిల్లీ మురికివాడల్లో కుట్టు శిక్షణ కోసం దరఖాస్తు చేసిన మహిళల్లోంచి లాటరీ తీసి, సీటు దక్కినవారినీ దక్కనివారినీ నెలల తర్వాత కలిసి ఉపాధి, సంపాదన పోల్చిన అధ్యయనం పుష్కర్ మైత్రా, సుభా మణి చేశారు. సీటు దక్కినవారే మెరుగ్గా ఉన్నారు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువ ఉన్న ఏ కోర్సులోనైనా ఇలా చేయవచ్చు, ఎలాగూ ఎవరో ఒకరు వేచి ఉండాల్సిందే. రిజిస్టరులో అదనంగా కావాల్సినవి రెండు గళ్లు: చీటీలో ఎవరి పేరు ముందు వచ్చింది, ఏడాది తర్వాత ఇద్దరిలో ఎవరి చేతికి ఎంత కూలి వస్తోంది.